బస్తాలు గోడౌన్‌లోనే ఉన్నాయి, కానీ ఎవరివి?

పోయినసారి ధర్మరాజు గురించి మాట్లాడుకున్నాం కదా, అది చూసి గుడివాడ నుంచి ఒక అమ్మాయి పెద్ద మెయిల్ రాసింది. సీఏ ఆర్టికల్‌షిప్ చేస్తోందట. పేరు చెప్పొద్దంది, చెప్పను.

ఆ అమ్మాయి కష్టం ఇదీ. ఒక రైస్ మిల్లుకి బ్యాంకులో సీసీ లిమిట్ ఉంది. నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి, అది వీళ్ళ ఆఫీసే తయారుచేస్తుంది. సరుకు విలువలో మార్జిన్ తీసేసి, మిగిలినంత వరకే బ్యాంకు డబ్బు వాడుకోనిస్తుంది. గోడౌన్ నిండా ధాన్యం బస్తాలే. కానీ సగానికి పైగా సివిల్ సప్లైస్ వాళ్ళవి, మర ఆడించి ఇమ్మని పంపినవి. క్వింటాలుకి 67 కిలోల బియ్యం తిరిగి సర్కారుకి అప్పగించాలి. ఓనరు గారేమో "ఉన్న బస్తాలన్నీ రాయమ్మా, లేనివి రాయమనట్లేదు కదా" అన్నారట. ఆఫీసులో సారు "రాసెయ్, మనకెందుకు" అన్నారట. రాయకపోతే లిమిట్ పడిపోతుంది, సంక్రాంతి ముందు హమాలీల కూలి ఆగిపోతుంది. "గురువుగారూ, బస్తాలు నిజంగానే ఉన్నాయి. నేను రాసేది అబద్ధం కాదు కదా?" అని అడిగింది.

అమ్మా, ధర్మరాజు ఇరుక్కున్నది సరిగ్గా ఇక్కడే. అశ్వత్థామ అనే ఏనుగు చచ్చిన మాట నిజమే, భీముడు చంపాడు. ధర్మరాజు "అశ్వత్థామ చనిపోయాడు" అని పైకి చెప్పి, ఏనుగన్న మాట ద్రోణుడికి వినపడకుండా గొణిగాడు. మాటలు విడదీసి చూస్తే అబద్ధం లేదు. కానీ ద్రోణుడు అడిగింది ఏనుగు గురించి కాదు, తన కొడుకు గురించి. అంతవరకూ నేలకి నాలుగు వేళ్ళ ఎత్తున నడిచిన ధర్మరాజు రథం ఆ క్షణాన నేలకి దిగింది. చివర్లో స్వర్గానికి వెళ్ళినప్పుడు కూడా, ఆ ఒక్క మాటకి కాసేపు నరకం చూడాల్సి వచ్చింది. బ్యాంకు మేనేజరు కూడా నిన్ను "బస్తాలున్నాయా" అని అడగట్లేదు. "మా అప్పుకి పూచీగా నిలబడే బస్తాలెన్ని" అని అడుగుతున్నాడు. (బ్యాలెన్స్ షీటు వెనకెక్కడో చిన్న అక్షరాల్లో ఒక నోట్ పడేసి చేతులు దులుపుకునే పెద్ద పెద్ద ఆఫీసుల్ని చూస్తే నాకు ఆ గొణుగుడే గుర్తొస్తుంది.)

మా బందరు చిలకలపూడిలో పాండురంగడి గుడి ఉంది, రోల్డ్ గోల్డ్ నగల పనీ ఉంది. గిల్టు నగ చేసి అమ్మడం తప్పు కాదు, గిల్టనే చెప్పి అమ్ముతారు. ఎన్నో కుటుంబాలు దానిమీద బతుకుతున్నాయి. అదే నగని బంగారమని తాకట్టు పెడితేనే తంటా.

ఈ మాట అనగానే కొందరు రామదాసుని తీసుకొస్తారు. "ఆయనా సర్కారు సొమ్ముతోనే గుడి కట్టాడు కదా, రాముడు కాపాడలేదా" అని. కాపాడాడు, కానీ ఎలాగో చూడండి. పన్నెండేళ్ళు గోల్కొండ చెరలో మగ్గాక, రాముడొచ్చి తానీషాతో "వీడు నా భక్తుడు, వదిలెయ్" అనలేదు. లక్ష్మణుడితో కలిసొచ్చి ఆరు లక్షల మాడలు లెక్కగా చెల్లించి, రసీదు పుచ్చుకున్నాడని కథ. మొత్తం కథలో నాకు మహా ఇష్టమైంది ఆ రసీదే. దేవుడు కూడా బాకీని మాఫీ చేయించలేదు, తీర్చాడు.

"బ్యాంకు డబ్బేగా, ఎవడి సొమ్ము" అనేవాళ్ళూ ఉన్నారు. 1923లో పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకు పెట్టింది మన బందరులోనే. 2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, అది వేరే సంగతి. బ్యాంకు డబ్బంటే దివిసీమలో ఎవరో కూతురి పెళ్ళికని దాచుకున్న ఎఫ్‌డీ. 2009 జనవరి 7న సత్యం లేఖ బయటపడినప్పుడు తేలింది కూడా ఇలాంటిదే. పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవు. 2015లో ప్రత్యేక కోర్టు దోషులుగా తేల్చిన పదిమందిలో ఇద్దరు ఆడిటర్లు. సీఏ ఇన్‌స్టిట్యూట్ చిహ్నం మీద కఠోపనిషత్తు మాట ఉంటుంది, చూశావా? అందరూ నిద్రపోతున్నప్పుడు మెలకువగా ఉండేవాడని దాని భావం.

హమాలీల కూలి సంగతి మాత్రం నేను తేలిగ్గా తీసిపారేయను. అది నిజమైన బాధ. అందుకే రాయడం మానెయ్యమనను. సొంత సరుకు ఒక వరసలో, సర్కారు సరుకు ఇంకో వరసలో రాయి. పండగ దాకా కొంత అదనపు లిమిట్ కావాలంటే ఓనరుగారు బ్యాంకుకి వెళ్ళి నోరు తెరిచి అడగొచ్చు. ఇస్తారో లేదో చెప్పలేను. సంతకం సారుది కావచ్చు, లెక్కపెట్టింది నువ్వు. ఆ కాగితం మీద తేదీ వేసి ఫైల్లో ఉంచు. సారు కోప్పడితే కోప్పడనీ.

నెలాఖరుకి మళ్ళీ ఆ మిల్లుకే వెళ్ళాలట. ఒంటరిగా వెళ్ళొద్దు, ఆఫీసులో ఇంకొకర్ని తోడు తీసుకెళ్ళి ఇద్దరూ విడివిడిగా లెక్కపెట్టండి అని రాశాను.