వీణ కొనే ముందు

రామతీర్థం,
ఆదివారం.

అమ్మలూ,

నువ్వు ఫోన్లో పంపిన మూడు వీణల బొమ్మలూ చూశాను. ఏది బాగుందో చెప్పమన్నావు. తెల్లగా పొదిగిన పువ్వులు బాగున్నాయి, బంగారు రంగు వేసిన యాళి తల బాగుంది. పలుకు ఎలా ఉందో బొమ్మ చెప్పదు కదా! అది సరే గానీ, మూడో వీణ అమ్మే ఆయన ఇంకా తగ్గించి ఇస్తానన్నాడని సంబరపడిపోయావు చూడు, ఆ మాట గురించే ఈ ఉత్తరం.

మన జిల్లాలోనే, బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో, సర్వసిద్ధి వారి కుటుంబాలు తరాలుగా వీణలు చేస్తున్నాయి. బొబ్బిలి వీణకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వాళ్ల పేరు నిలబెట్టింది ఏకాండి వీణ: కుండ, దండి ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు, అతుకుండదు. కుండ మీద పలక మాత్రం విడిగా వేస్తారు. మైసూరు వాళ్లు నల్ల ఇరుగుడు చేవ వాడతారు, తంజావూరు వాళ్లూ పనసే అంటారు. మాది గొప్పంటే మాది గొప్పని ఎవరి వాదన వాళ్లది. ఆ తగువులో నువ్వు దూరకు.

వీణలో అసలు ఖర్చంతా కంటికి ఆనని చోట ఉంటుంది. దుంగ బాగా ఆరాలి. పచ్చి చెక్కతో చేసింది కూడా కొత్తలో బాగానే పలుకుతుంది, ఎండలూ వానలూ తగిలాక దండి వంగుతుంది. ఇక మెట్లు 24. వాటిని మైనంలో ఒక్కొక్కటీ చెవితో విని, వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి నిలబెట్టాలి. ఏ స్కేలూ ఆ చోటు చూపించదు. నువ్వు గీచి గీచి బేరమాడావనుకో, ఆయన పువ్వులు తగ్గించడు, అవి నీకు కనిపిస్తాయి కాబట్టి. కోత పడేది చెక్క ఆరే రోజుల్లో, మెట్లు సరిచూసే పూటల్లో. నువ్వు మిగుల్చుకున్నాననుకున్న డబ్బు నీ వీణ శ్రుతిలోంచే తీసిందవుతుంది. పైగా అది ఇంకొకరి కూలి. కూరల కొట్లో బేరమాడినట్టు ఇక్కడ ఆడకు. ధర ఎక్కువనిపిస్తే పొదుగు పని వద్దను, రంగు వద్దను. అది మర్యాదైన మార్గం.

సన్మానాల్లో చేతిలో పెట్టే బుల్లి వీణలూ గొల్లపల్లిలో చేసేవే. వాటిని చూసి మూతి విరవకు, చాలా ఇళ్లలో పొయ్యి వెలిగేది వాటితోనే. అయితే పెద్ద వీణ కొని, దాన్నీ బుల్లి వీణలాగే హాల్లో అద్దాల వెనక పెట్టేవాళ్లున్నారు. నీకు రోజూ ఒక గంట కూర్చునే తీరిక నిజంగా ఉందో లేదో ముందు నిన్ను నువ్వే అడుగు. తేలకపోతే ఆర్నెల్లు ఎవరిదైనా అద్దెకి తెచ్చుకుని వాయించు. కొనలేదని నామర్దా ఏమీ లేదు.

కొనేటట్టయితే వాయించగల మనిషిని వెంటబెట్టుకో. విజయనగరం సంగీత కళాశాల 1919 నుంచీ ఉంది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి అధ్యక్షులుగా ఉన్న చోటు. అక్కడ వీణ నేర్పే వాళ్లని అడిగితే నాలుగు మంచి మాటలు చెబుతారు. నీ వంతు పనీ ఉంది. ఒక కన్ను మూసి దండి పొడుగునా చూడు, వంపుంటే తెలిసిపోతుంది. సారణి తీగ మీద ఒక్కో మెట్టూ నొక్కుతూ పై స్థాయి దాకా వెళ్లు. ఎక్కడైనా గరగరమంటే ఆగి ఆయనకి వినిపించు, మొహమాటపడకు. తర్వాత ఒకే మెట్టు మీద తీగని పక్కకి లాగి గమకం పట్టించు. లాగినంతసేపూ నాదం నిలవాలి, మధ్యలో తెగకూడదు. తీగలు మెట్లకి మరీ ఎత్తుగా ఉంటే నీ వేళ్లు పుండ్లు పడతాయి. బిరడలు తిప్పి వదిలి, కాసేపు కబుర్లాడి మళ్లీ శ్రుతి చూడు. జారిందంటే బిరడ సరిగ్గా కూర్చోలేదన్నమాట.

హైదరాబాదు ఎండలో కారులో వదిలేశావంటే మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి, తర్వాత చేసిన వాళ్లని తిట్టకు. మెట్లు అరుగుతాయి కూడా. ఏళ్ల తరబడి ఆ ఇంటికే మరమ్మతుకి తీసుకెళ్లాల్సి వస్తుంది. అందుకే చెబుతున్నా, కొన్న రోజున వాళ్ల మనసు నొప్పించి రాకు.

శ్రీరామనవమికి ఇక్కడ కల్యాణానికి ఎలాగూ వస్తావుగా? మర్నాడు విజయనగరంలో రాయగడ వైపు వెళ్లే రైలెక్కి బొబ్బిలిలో దిగుదాం. బయానా డబ్బు వేరే కవరులో పెట్టుకుని రా. ఏకాండి అడిగితే ఎన్ని నెలలు పడుతుందంటే అన్ని నెలలకీ సరేనందాం. అమ్మని అడిగానని చెప్పు.

మీ తాతయ్య