విత్తనము మోసినవాని ధర్మము

చెట్టు నడువదు, దాని విత్తనము నడచును. గాలి, నీరు, పక్షి, పశువు దానిని మోయును. మనుష్యుడును మోయును. ఆ మోతవలన కలిగిన ఫలితమునకు మోసినవాడు ఎంతవరకు బాధ్యుడు? ఈ ప్రశ్నకు సమాధానము మన బళ్ళారి సీమవారు గ్రంథములలో వెదకనక్కరలేదు. కప్పగల్లు గుట్ట ఎక్కి నలుదిక్కులు చూచిన చాలును.

ఈ గుట్ట రాళ్ళపై నవీన శిలాయుగమువారు చెక్కిన ఎద్దుల బొమ్మలు కలవు. ప్రక్కనున్న సంగనకల్లు త్రవ్వకములలో ఆ కాలపు మాడిన గింజలు దొరకినవి. వానిలో ఉలవలు, పెసలు ఈ దేశమున పుట్టినవే. మనము తిను జొన్న, సజ్జ, రాగి మాత్రము ఆఫ్రికా ఖండమున పుట్టి తరువాత మనకు చేరినవి. అయినను జొన్నరొట్టెను పరాయి తిండి యనువారు ఈ సీమలో కలరా? కావున బయటినుండి వచ్చినదెల్ల కీడనుట పొసగదు. జొన్న మన చేతితో విత్తిననే మొలచును. గట్టు దాటి పరుల చోటు ఆక్రమింపదు.

ఇక మృగముల మోతను చూతము. 1994లో ఏర్పడిన దరోజి అభయారణ్యమున ఎలుగుబంట్లు రేగుపండ్లు, రేలకాయలు తినును. వాని పేడతో పడిన గింజలలో కొన్ని మొలకెత్తును. ఎలుగు ఎంత తిరిగినను తన అడవిలోనే తిరుగును గనుక, ఆ మొక్క అచటి నేలకును పక్షులకును పాత చుట్టమే.

మనుష్యుని మోత అట్టిది కాదు. 1870 తరువాతి దశాబ్దమున జమైకా ద్వీపమునుండి తెప్పించిన సర్కారు తుమ్మ విత్తనములను కడప జిల్లా కమలాపురమున నాటించిరి. దాని తియ్యని కాయలను మేకలు, పశువులు తిని, అరగని గింజలను ఊరూర చల్లినవి. 1953లో ఆంధ్ర మైసూరు రాష్ట్రముల నడుమ ఏర్పడిన సరిహద్దు ఆ మేకలకు తెలియదు. కన్నడమున దానికి ‘బళ్ళారి జాలి’ యని పేరు! తాను పుట్టని సీమ పేరు పెట్టుకొని తిరుగుచున్నది.

దానిని రాక్షసి యనుటయు న్యాయము కాదు. కూలివాని పొయ్యిలో కట్టె అదియే. దాని బొగ్గు కాల్చి బ్రతుకు కుటుంబములు కలవు. కాని బట్టమేక పిట్టకు చెట్లులేని పచ్చిక బయలే ఇల్లు. నేలపైననే అది గ్రుడ్డు పెట్టును. ముళ్ళకంప క్రమ్మిన బయలులో అది నిలువజాలదు. కచేరీ దస్త్రములలో అట్టి బయలును ‘బంజరు’ అని వ్రాయుట మేము చూచియున్నాము. ఆ మాటను పిట్ట నడిగి వ్రాయలేదు గదా!

దోషము విత్తనముది కాదు, మేకదియు కాదు. వానికి ముందుచూపు లేదు. మనుష్యునికి కలదు. ఎలుగు మోత కొన్ని మైళ్ళు. మనుష్యుని మోత సముద్రములు. శక్తి ఎంత దూరము పోవునో బాధ్యతయు అంత దూరము పోవలెను. నాటినవారు నేడు లేకపోయినను, ఆ కట్టెతో అన్నము వండుకొనిన తరములవారము మనమున్నాము.

కావున బయళ్ళలోని తుమ్మను వేళ్ళతో పెకలింపవలెను; మొదలు నరికిన మరల చిగుర్చును. దానిపై బ్రతుకువారికి మొదట వేరొక ఆధారము చూపవలెను. పేదవాని పొయ్యి నార్పి పక్షిని కాపాడుట ధర్మము కాదు. క్రొత్త మొక్క తెచ్చువారు ఇకనైన, అది ఎవరి చోటు తీసికొనునో ముందుగా విచారించి తెత్తురు గాక.