జ్ఞాపకం ప్రమాణమా? టీవీ ప్రకటనలపై ఒక తాత్విక విచారణ

ఏళ్లు గడిచినా మరపురాని టెలివిజన్ ప్రకటనను గొప్ప ప్రకటన అనడం వాడుక. గుర్తుండిపోవడం ప్రకటనకు విజయమే కావచ్చు గాని, గుర్తున్నదంతా తెలిసినట్టేనా అన్నది వేరే ప్రశ్న. ఈ ప్రశ్నకు కావలసిన పనిముట్లు న్యాయ, మీమాంసా శాస్త్రాలలో ఏనాడో సిద్ధమై ఉన్నాయి.

తెలుగువాడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో జ్ఞానాన్ని స్మృతి, అనుభవం అని రెండుగా విభజించి, కేవలం సంస్కారం వల్ల పుట్టేదే స్మృతి అని నిర్వచించాడు. సంస్కారమంటే గడిచిన అనుభవం ఆత్మలో విడిచిన ముద్ర. తగిన ప్రేరకం తగిలినప్పుడు అది మేల్కొని జ్ఞాపకంగా పరిణమిస్తుంది. గౌతముని న్యాయసూత్రాలు మూడో అధ్యాయంలో ఆ ప్రేరకాలను ఏకరువు పెడుతూ అభ్యాసం, సాదృశ్యం, సంబంధం, అతిశయం, సుఖదుఃఖాలు, భయం మొదలైనవాటిని పేర్కొన్నాయి. ప్రకటనకర్తలు ఈ సూత్రాలు చదివి ఉండకపోవచ్చు గాని, వారి వృత్తిలోని మెలకువలు చాలావరకు ఈ పట్టికలో ఇమిడిపోతాయి.

దూరదర్శన్‌లో వాణిజ్య ప్రకటనలు 1976లో మొదలయ్యాయి. కర్సన్‌భాయ్ పటేల్ 1969లో అహ్మదాబాద్‌లో ఆరంభించిన నిర్మా సబ్బుపొడికి 1980లలో వచ్చిన ప్రకటనలో తెల్లగౌను తొడుక్కున్న పాప గిరగిరా తిరుగుతుండగా, సరుకు పేరునే పల్లవిగా చేసుకున్న పాట వినిపించేది. ఇళ్లలో ఉన్నది ఒక్క చానలే కావడం వల్ల అభ్యాసం, అంటే పదేపదే కలిగే అనుభవం, దానంతటదే సమకూరింది. హిందీ రాని తెలుగు పిల్లలు కూడా ఆ పాటను వరస తప్పకుండా పాడగలిగారంటే, శాబ్దబోధ, అనగా మాటల వల్ల కలిగే అర్థజ్ఞానం, లేకుండానే సంస్కారం స్థిరపడగలదని తేలుతోంది.

దానికి పోటీగా సర్ఫ్ తెచ్చిన లలితాజీ ప్రకటన దారి వేరు. లింటాస్ సంస్థలో అలీక్ పదమ్‌సీ రూపుదిద్దిన ఆ పాత్రను కవితా చౌదరి ధరించారు. కూరగాయల దగ్గర గీచి గీచి బేరమాడే ఆ ఇల్లాలు, చవక సరుకు వేరు, మంచి సరుకు వేరు అని, అరకిలో సర్ఫ్ కిలో చవక పొడికి సమానమని వాదిస్తుంది. ఇక్కడ హేతువు ఉంది. బట్టలు ఉతికి చూసి దాన్ని పరీక్షించవచ్చు. అయినా అందరికీ గుర్తున్నది ఆమె కరకు చూపు, తడబాటు లేని మాటతీరే గాని, ఆ లెక్కను సరిచూసుకున్న ఫలితం కాదు.

న్యాయమతంలో స్మృతి ప్రమ, అంటే యథార్థానుభవం, కాదు. దాని సత్యం మూలానుభవపు సత్యంపై ఆధారపడుతుంది. నిర్మా ప్రకటన విషయంలో మూలానుభవం పాటదీ పాపదీ కనుక ఆ జ్ఞాపకం వాటి మేరకు నిజమే. మురికి వదిలిందా లేదా అన్న విషయంలో మాత్రం అది మౌనం వహిస్తుంది. పొరపాటు అంగడిలో జరుగుతుంది. చూసినదాన్ని మళ్లీ చూసి ఇది అదే అని పోల్చుకోవడం ప్రత్యభిజ్ఞ. పొట్లాం విషయంలో కలిగిన ఆ పోలికను మనసు సరుకు నాణ్యతకు నిదర్శనంగా పొరబడుతుంది. అమెరికన్ మనస్తత్వవేత్తలు హాషర్, గోల్డ్‌స్టీన్, టోపీనో 1977లో ప్రచురించిన పరిశోధన కూడా, రెండేసి వారాల ఎడంతో మళ్లీ మళ్లీ వినిపించిన వాక్యాలను అవి నిజమైనా కాకపోయినా శ్రోతలు మరింత నమ్మదగినవిగా ఎంచారని చూపింది.

ప్రకటన అబద్ధమాడిందని దీని అర్థం కాదు. మీమాంసకులు కర్తవ్యాన్ని ఆజ్ఞాపించే వాక్యాన్ని విధి అని, దాన్ని ప్రశంసించి మనిషిని పనికి పురికొల్పే వాక్యాన్ని అర్థవాదం అని అన్నారు. ఐశ్వర్యం కోరినవాడు వాయువును ఉద్దేశించి యాగం చేయాలన్నది విధి. వాయువు మహావేగం గల దేవత అనడం అర్థవాదం. అర్థవాదానికి స్వతంత్ర ప్రామాణ్యం లేదు, విధితో కలిసినప్పుడే అది సార్థకమవుతుంది. ప్రకటనలో ఈ క్రమం తలకిందులవుతుంది: స్తుతి ఒక్కటే వినిపిస్తుంది, కొనమన్న విధిని శ్రోత తనకు తానే విధించుకుని అది తన సొంత నిర్ణయమని భావిస్తాడు. అందువల్ల సంస్కారాన్ని కలిగించడంలో నేర్పు ప్రకటనకర్తదే అయినా, దానికి ప్రామాణ్యం కట్టబెట్టిన బాధ్యత వినియోగదారుడిదే. పాటను ఆనందించడానికి జ్ఞాపకం చాలు, డబ్బు చెల్లించడానికి మాత్రం పరీక్ష కావాలి.