పుట్టుబుద్ధి అనే ముద్ర

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. బడిలో నోరు విప్పని పిల్లను 'మొద్దు' అనేస్తాం. కుదురుగా కూర్చోని పిల్లవాణ్ణి 'వాడి బుద్ధే అంత' అంటాం. మేమూ అన్నవాళ్లమే. ఇప్పుడు ఈ మాటకు సైన్సు కూడా తోడొచ్చిందనీ, మనిషి స్వభావమంతా మెదడులోని రసాయనాలేననీ కొందరు చెబుతున్నారు. నిజమేనా?

1987లో క్లోనింగర్ అనే అమెరికా మానసిక వైద్యుడు ఒక సిద్ధాంతం చెప్పాడు. కొత్తదాని వెంట పరుగెత్తే గుణానికి డోపమిన్‌తో, అపాయమంటే వెనకాడే గుణానికి సెరటోనిన్‌తో సంబంధం ఉందన్నాడు. 1996లో పరిశోధకులు సెరటోనిన్‌కు సంబంధించిన ఒక జన్యువును 505 మందిలో పరిశీలించారు. బెంగపడే గుణంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో ఆ జన్యువు వాటా నూటికి మూడు, నాలుగు పాళ్లే అని తేలింది. తర్వాతి పరిశోధనలు కొన్నిటిలో ఆ మాత్రమూ కనబడలేదు.

రసాయనాలు అబద్ధమని కాదు. అవి లేకుండా కోపం లేదు, నవ్వూ లేదు. కానీ అవి రాతి మీద గీతలు కావు. భయపడితే ఒంట్లో కార్టిసాల్ పెరుగుతుంది, ధైర్యం చిక్కితే తగ్గుతుంది. గూడెం విడిచి హాస్టలుకు వచ్చిన పిల్ల, తెలియని భాషలో పాఠం వింటూ మూగదానిలా ఉంటుంది. అదే పిల్ల వాగు దగ్గర తన భాషలో మాట్లాడితే ఆపలేం. ఏది ఆమె స్వభావం?

'పుట్టుగుణం' అన్న మాట ఎంత చేటు చేస్తుందో మనకు తెలుసు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చి, కొన్ని జాతులకు దొంగతనం పుట్టుకతోనే వస్తుందని ముద్ర వేసింది. తర్వాత ఆ చట్టం కిందే మన ఎరుకల వారిని స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో ఉంచారు. 1952లో చట్టం రద్దయింది. ముద్ర ఇంకా చెరగలేదు. అప్పుడు రక్తమన్నారు. రేపు ఎవరైనా రసాయనం అంటే, లెక్క చూపించమని అడగాలి. ఆ అడగడం మన పిల్లలకు నేర్పాలి.

అయితే మన తప్పులకు మనం కూడా రసాయనాన్ని అడ్డుపెట్టుకోకూడదు. కోపం ఇట్టే రావడం మన చేతుల్లో లేకపోవచ్చు. బెత్తం అందుకోవడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.