దానం చేసే ముందు అడగాల్సిన ప్రశ్నలు, అడగకూడని ప్రశ్నలు

 

ఈ వారం మన వీడియోలో విదుర నీతి గురించి చెప్పుకున్నాం. అందులో దానం గురించిన ఒక మాట దగ్గర టైమ్ సరిపోలేదని ఆపేశాను. నిజం చెప్పాలంటే టైమ్ ఒక్కటే కారణం కాదండీ. ఆ మాట వివరించాలంటే నా తప్పు ఒకటి బయటపెట్టాలి. కెమెరా ముందు నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

సంజయుడు పాండవుల దగ్గర్నుంచి తిరిగొచ్చిన రాత్రి ధృతరాష్ట్రుడికి నిద్ర పట్టలేదు. విదురుణ్ణి పిలిపించుకున్నాడు. ఆ రాత్రి ఆయన చెప్పిన మాటలే విదుర నీతి. ఉద్యోగపర్వంలో ఉంది. అందులో డబ్బు గురించి ఆయన చెప్పిన దాని సారాంశం ఇది: న్యాయంగా సంపాదించిన సొమ్మును కూడా రెండు రకాలుగా పాడుచేసుకోవచ్చు. ఒకటి, అర్హత లేనివాడికి ఇవ్వడం. రెండు, అర్హత ఉన్నవాడికి ఇవ్వకపోవడం.

మొదటిది తప్పని అందరికీ తెలుసు. మోసపోతే బాధేస్తుంది, పదిమందికీ చెప్పుకుంటాం. రెండోదాన్ని మాత్రం మనం అసలు తప్పుల్లో లెక్కేయం. డబ్బు మన అకౌంట్లోనే ఉంది కదా, ఎవరికి నష్టం? కానీ విదురుడు రెండింటినీ ఒకే త్రాసులో పెట్టాడు. నేను ఆ రెండు తప్పులూ ఒకే వారంలో చేశాను.

మూడేళ్ల కిందటి జూన్ నెల. హైదరాబాద్‌లో ఉద్యోగంలో కుదురుకున్నాను, జీతం పెరిగింది. ఒక రాత్రి ఆఫీస్ ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. ఆస్పత్రి మంచం మీద చిన్న బాబు, ముక్కుకి పైపు. రేపు పొద్దున్న ఆపరేషన్, ఇంకా రెండు లక్షలు తక్కువ, దేవుడి రూపంలో ఎవరైనా రండి అని కింద ఒక ఫోన్ నంబరు. కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంకటేశ్వరస్వామికి దణ్ణం పెట్టుకుని పదివేలు పంపేశాను. ముప్పై సెకన్లు కూడా పట్టలేదు. ఆ రాత్రి చాలా గొప్పగా నిద్ర పట్టింది.

రెండు రోజుల తర్వాత మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అన్న లిఫ్ట్ దగ్గర ఆపాడు. "సార్, పాప టెన్త్ పాసయింది. ఇంటర్ ఫీజుకి నాలుగు వేలు తక్కువైంది. నెలకి అయిదొందలు చొప్పున తీర్చేస్తాను సార్" అన్నాడు. దానం కూడా కాదు, అప్పు అడిగాడు. నేనేమన్నానో తెలుసా? గవర్నమెంట్ కాలేజీలో చేర్చొచ్చు కదా అన్నాను. స్కాలర్‌షిప్ రాదా అన్నాను. ఊళ్లో ఎవరూ లేరా అన్నాను. ఆయన అన్నిటికీ తల దించుకునే జవాబు చెప్పాడు. చివరికి "వచ్చే నెల చూద్దాం అన్నా" అని లిఫ్ట్ ఎక్కేశాను.

వారం తిరిగేలోపు గ్రూపులో ఇంకొకరు పెట్టారు. ఆ బాబు ఫోటో ఏళ్ల కిందటిదట. ఇంకో రాష్ట్రం, ఇంకో పేరు. అదే ఫోటోని ఎవరెవరో వాడుకుంటున్నారు. నంబరు స్విచాఫ్.

వాచ్‌మన్ అన్న మళ్లీ అడగలేదు. వచ్చే నెల నాకూ గుర్తు రాలేదు. ఆగస్టులో ఒక రోజు షాపింగ్‌మాల్‌లో చీరలు మడతపెడుతున్న అమ్మాయి నన్ను చూసి "నమస్తే సార్" అంది. వాచ్‌మన్ అన్న కూతురు. కాలేజీలో చేరలేదు.

ఇప్పుడు చూడండి. ఎక్కడ పది ప్రశ్నలు అడగాలో అక్కడ ఒక్కటీ అడగలేదు. ముఖమూ తెలియదు, ఊరూ తెలియదు. ఎక్కడ ఒక్క ప్రశ్నా అక్కర్లేదో అక్కడ మూడు అడిగాను. ఆ అమ్మాయి రోజూ పొద్దున్నే యూనిఫాం వేసుకుని నా బండి పక్కనుంచే బడికి వెళ్లేది.

దీని తర్వాత బుద్ధి వచ్చిందనుకుంటున్నారా? లేదండీ. మూడో తప్పు చేశాను. ఎవర్నీ నమ్మకూడదు, అంతా మోసమే అని ఏడాది పాటు ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. దానికి వివేకం అని పేరు పెట్టుకున్నాను.

ఆ మాట బద్దలుకొట్టింది మా నాన్న. మాది కోనసీమ. నాన్న పెన్షన్‌లోంచి ఏటా తిరుమల అన్నప్రసాదం ట్రస్టుకి కొంత పంపుతారు. ఆ ఏడు నేను వెటకారంగా "ఎక్కడికి పోతుందో చూశావా నాన్నా?" అన్నాను. ఆయన కోప్పడలేదు. "చూశానురా, అక్కడ నేనూ తిన్నాను, నువ్వూ తిన్నావు" అన్నారు. తర్వాత నెమ్మదిగా, "నువ్వు మోసపోయింది పదివేలు. దాన్ని అడ్డం పెట్టుకుని ఏడాదిగా నువ్వు మిగుల్చుకున్నది ఎంత?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. లెక్క వేసుకుంటే సిగ్గేసింది.

నాన్న మాటలో ఇంకో సంగతి ఉంది. తిరుమలలో నిత్యాన్నదానం 1985లో మొదలైంది. భక్తులిచ్చిన విరాళాన్ని డిపాజిట్ చేసి, దాని వడ్డీతో అన్నం పెట్టేలా ఏర్పాటు చేశారు. ఇచ్చినవాడికి తాను ఇచ్చింది ఏమవుతుందో తెలుసు. కూర్చుని తిని చూడొచ్చు. నాన్నది గుడ్డి నమ్మకం కాదు, చూసి పెట్టుకున్న నమ్మకం.

తైత్తిరీయోపనిషత్తులో, చదువు పూర్తి చేసుకుని ఇంటికి వెళ్లబోయే శిష్యుడికి గురువు చెప్పే మాటలున్నాయి. ఎలా ఇవ్వాలో అక్కడ చెబుతాడు. శ్రద్ధతో ఇవ్వు. నీ తాహతుకు తగ్గట్టు ఇవ్వు. సిగ్గుపడుతూ ఇవ్వు, అంటే నేనిచ్చేది ఇంతేనా అన్న వినయంతో. భయంతో ఇవ్వు. ఆఖరిది నాకు చాలా ఇష్టం: తెలిసి ఇవ్వు, ఎరుకతో ఇవ్వు. చూశారా, శ్రద్ధ, తెలివిడి రెండూ ఒకే వరసలో ఉన్నాయి. విచారించడం భక్తికి విరుద్ధం కాదు. నేను ఆ రాత్రి పదివేలు పంపింది శ్రద్ధతో కాదు, ఆవేశంతో. తర్వాత ఏడాది ఆపేసింది వివేకంతో కాదు, ఉక్రోషంతో.

అయితే ఎక్కడ విచారించాలి, ఎక్కడ వద్దు? నాకు తోచిన పద్ధతి చెబుతాను.

మొదటిది, ఎదురుగా ఉన్న ఆకలి. దీనికి విచారణ లేదు. మా నానమ్మ డొక్కా సీతమ్మ గారి కథ ఎన్నిసార్లు చెప్పిందో. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలిగా వచ్చిన ఇల్లాలు. గోదావరి పాయ దాటి వచ్చే బాటసారులకి వేళాపాళా లేకుండా వండి పెట్టింది. ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయల్దేరిందట. దారిలో పెళ్లివారి గుంపు ఎదురైంది. పిల్లలు ఆకలితో ఏడుస్తుంటే, కాస్త ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడతారు అని పెద్దవాళ్లు ఊరడిస్తున్నారు. ఆ మాట చెవిన పడగానే ఆమె వెనక్కి తిరిగింది. వాళ్లకంటే ముందు ఇల్లు చేరి పొయ్యి వెలిగించింది. మీరెవరు, ఏ ఊరు, నిజంగా ఆకలేనా అని అడగలేదు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరు పెట్టారు. ఆమె వెళ్లిపోయి నూరేళ్లు దాటినా పిల్లల అన్నంలో ఆ పేరుంది.

రెండోది, మనకు తెలిసిన మనుషులు. పనమ్మాయి, వాచ్‌మన్, మన ఊరి పిల్లాడు. వీళ్లని మనం రోజూ చూస్తూనే ఉన్నాం, వేరే ఎంక్వైరీ ఎందుకు? అడిగిన మనిషి తల దించుకునేలా అడిగితే ఆ తర్వాత ఎంత ఇచ్చినా అది దానం కాదు. వీలైతే ఫీజు నేరుగా కాలేజీలో కట్టేయండి. వాళ్ల గౌరవం నిలుస్తుంది, మన అనుమానమూ తీరుతుంది.

మూడోది, మనకు తెలియనివాళ్లు, సంస్థలు. ఇక్కడ మాత్రం గట్టిగా అడగాలి. వైద్యం కోసం అప్పీల్ వస్తే ఆస్పత్రి ల్యాండ్‌లైన్‌కి మీరే ఫోన్ చేయండి. మెసేజ్‌లో ఉన్న నంబరుకి కాదు. ఆ పేషెంట్ ఉన్నారా అని కనుక్కుని, ఆస్పత్రి అకౌంట్‌కే పేషెంట్ పేరు మీద కట్టండి. ఫోటోని గూగుల్‌లో వెతికితే పాతదో కాదో రెండు నిమిషాల్లో తేలుతుంది. ఆ రెండు నిమిషాలు నేను పెట్టలేదు.

సంస్థ అయితే రిజిస్ట్రేషన్, ఆడిట్ లెక్కలు అడగండి. మంచి సంస్థ నొచ్చుకోదు, సంతోషిస్తుంది. "మాకు 80జి ఉందండీ" అంటే అది చాలనుకోకండి. మీ విరాళానికి పన్ను మినహాయింపు వర్తించవచ్చని దానర్థం, పని బాగా చేస్తున్నారని కాదు. ఆ మినహాయింపు కూడా 2,000 రూపాయలు దాటిన నగదుకి రాదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకీ రాదు. విదేశాల్లో ఉన్న మనవాళ్లకి ఒక మాట: అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇచ్చేది విదేశీ విరాళం కిందికి వస్తుంది కాబట్టి, సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉందో లేదో చూసుకోండి. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు తమ సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది ఆ లెక్కలోకి రాదు.

అన్నిటికంటే ముఖ్యం, ఒకసారి వెళ్లి చూడండి. పుట్టినరోజు నాడు కాదు, మామూలు మంగళవారం నాడు. మా ఇంటికి దగ్గర్లో పిల్లల ఆశ్రమం ఒకటుంది. ఏం కావాలని అడిగితే వార్డెన్ నవ్వి, "ఆదివారం మూడు చోట్ల నుంచి బిర్యానీ వస్తుంది బాబూ. కరెంటు బిల్లు మాత్రం ఎవరూ కట్టరు" అన్నారు. మనకు ఇవ్వాలనిపించింది వేరు, వాళ్లకు కావాల్సింది వేరు. భగవద్గీతలో సాత్విక దానానికి చెప్పిన దేశం, కాలం, పాత్రత అంటే నాకు ఆ రోజు అర్థమైంది. ఆ మూడూ మన ఫొటో కోసం కాదు, వాళ్ల అవసరం కోసం.

ఇవన్నీ అయ్యాక ఒక విచారణ మిగులుతుంది. మన మీద మనం చేసుకునేది. కఠోపనిషత్తులో నచికేతుడు చేసిందదే. తండ్రి యాగంలో దానమిస్తున్న ఆవుల్ని చూశాడు. మేత మేయడం, నీళ్లు తాగడం, పాలివ్వడం అన్నీ అయిపోయిన ముసలి ఆవులు. తీసుకునేవాడికి అర్హత ఉందా అని ఆ పిల్లవాడు అడగలేదు. ఇచ్చేది ఇవ్వదగిందేనా అని చూశాడు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో బట్టలు పోగుచేశాం. నేను చిరిగిన జీన్స్, చలికోట్లు ఇచ్చాను. అక్కడ సేవకి వెళ్లిన మా ఫ్రెండ్ ఫోన్ చేసి, "మామా, పనికిరానివి ఏరి పారేయడానికే మాకు సగం రోజు పట్టింది రా" అన్నాడు. నావి కూడా ముసలి ఆవులే.

మరి అన్నదానమా, విద్యా, వైద్యమా, గోశాలా, గుడి జీర్ణోద్ధరణా? అన్నీ మంచివే. అన్నం ఈ పూటని నిలబెడుతుంది, చదువు జీవితాన్ని నిలబెడుతుంది అని మన పెద్దలు చెబుతూనే వచ్చారు. అన్నిటికీ కాస్త కాస్త ఇస్తే ఏదీ తెలుసుకోలేం. ఒకటి ఎంచుకుని ఏళ్ల తరబడి పట్టుకోండి. నేను జీతంలో ఇరవయ్యో వంతు పక్కన పెడుతున్నాను. అందులో సగం నాకు తెలిసిన పిల్లల చదువుకి. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఆ ఆశ్రమం కరెంటు బిల్లుకి, ప్రతి నెలా. చివరికి మిగిలిన కొంచెం ప్రశ్నలు లేకుండా ఇచ్చేయడానికి. ఆ కొంచెంలో అప్పుడప్పుడూ మోసపోతాను. పర్వాలేదు, అది నా లెక్కలో ఉంది.

వాచ్‌మన్ అన్న దగ్గరికి మరుసటి జూన్‌లో నేనే వెళ్లాను. "అన్నా, నాదే తప్పు" అన్నాను. ఆయన "అయ్యో, అదేంటి సార్" అన్నాడు. కాలేజీకి ముగ్గురం కలిసి వెళ్లి ఫీజు కట్టాం. ఇప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం. బాగా చదువుతోంది. కానీ తనతో టెన్త్ చదివినవాళ్లంతా తనకంటే ఒక ఏడాది ముందున్నారు. ఆ ఏడాదిని నేను ఎంత ఇచ్చినా తిరిగి తేలేను.

కాబట్టి ఈ వారం ఒక్క పని చేద్దాం. ఎవరికి ఇవ్వాలి అని వెతికే ముందు, "వచ్చే నెల చూద్దాం" అని మనం ఎవరితో అన్నామో గుర్తు తెచ్చుకుందాం. ఆ మనిషి మళ్లీ అడగరు. మనమే వెళ్లాలి.

శుభం భూయాత్. స్వస్తి.