పూలకే మొక్కే పండుగ

గుడిలో పూల చోటు దేవుడి పాదాల దగ్గర. భాద్రపద అమావాస్య నుంచి తొమ్మిది రోజులు తెలంగాణలో ఆ వరస తిరగబడుతుంది: పూలనే బతుకమ్మగా పేర్చి, వాటికే మొక్కుతారు.

బతుకమ్మను పేర్చేటప్పుడు చూడాలి. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, తంగేడు పూలను గుండ్రంగా తిప్పుతారు. మధ్య ఖాళీలో ఆకులూ తరిగిన కాడలూ కూరి గట్టిపరుస్తారు. రంగుల్లో ముంచిన గునుగు, బంతి, చామంతి, ఒక్కో వరసకీ చుట్టు తగ్గుతూ పైకి లేస్తాయి. శిఖరాన పసుపు ముద్దతో చేసిన గౌరమ్మ. తంగేడూ గునుగూ బీళ్లలో, చేలగట్ల మీద వాటంతటవే పూసేవి. అంత మామూలు పూలకి దైవత్వం ఎక్కడిదంటే, పేర్చిన చేతులదే అనాలి. విగ్రహానికి శిల్పి కావాలి, ప్రాణప్రతిష్ఠకు పురోహితుడూ మంత్రమూ కావాలి. ఇక్కడ చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టే ఆడవాళ్ల పాటే పూజ.

ఆరో రోజు మరీ విచిత్రం. అమ్మ అలిగిందని ఆనాడు బతుకమ్మను పేర్చరు. అలిగే దేవతంటే ఇంటి మనిషే కదా! సగుణమా, నిర్గుణమా అని వేదాంతులు శతాబ్దాలుగా సాగదీసిన చర్చను పల్లె ఒక్క అలకతో తేల్చేసింది.

చివరి రోజు సద్దుల బతుకమ్మ. చెరువులో వదిలాక గౌరమ్మ పసుపును పుస్తెలకు రాసుకుంటారు. పెరుగు, నువ్వులు, కొబ్బరి కలిపిన సద్దులు పంచుకుంటారు. 2014లో ఇది రాష్ట్ర పండుగ అయింది. ఆ తర్వాత రికార్డుల కోసం భారీ బతుకమ్మలూ వచ్చాయి. భక్తికి ఆ ఎత్తుతో పనేమిటో పేర్పించినవాళ్లే చెప్పాలి.