ముందు తోటకూర చల్లు, తల్లీ

మేడ మీద కూరగాయలు వేస్తానని నువ్వు చెప్పినప్పటినుంచీ నాకు ఒకటే సంబరంగా ఉందమ్మడూ. కానీ ఇరవై గ్రోబ్యాగులు, ఇనప స్టాండ్లు, షేడ్‌నెట్, డ్రిప్పు గొట్టాలు అన్నీ ఒకేసారి కొనేస్తానంటున్నావు చూడు, అక్కడ మాత్రం కాస్త ఆగు. ఉద్యోగం, పిల్లాడి బడి, వంట, వీటి మధ్య నీకు రోజుకి ఒక పావుగంట మిగిలితే గొప్ప. ఆ పావుగంటకి సరిపడా తోటే వెయ్యి. నాలుగు తొట్లు చాలు. అవి చేతికి అలవాటయ్యాక అయిదోది పెట్టడం ఎంతసేపు?

ఆ నాలుగింట్లోనూ ఆకుకూరలే వెయ్యి. రోహిణి ఎండలో నారు బతికించాలని తాపత్రయపడకు. జూన్ 8 ప్రాంతంలో మృగశిర వస్తుంది, నాలుగు చినుకులు పడనీ. తోటకూర గింజ మరీ సన్నం, గుప్పెడు ఇసకలో కలిపి చల్లితే గుంపుగా పడదు. నెల తిరక్కుండా పప్పులోకి వచ్చేస్తుంది. మెంతికూర ఇంకా ముందే, పోపులపెట్టెలో ఉన్న మెంతులే చాలు దానికి. గోంగూర తుంచినకొద్దీ పక్కకొమ్మలు వేస్తుంది. బచ్చలికైతే విత్తనమే అక్కర్లేదు, ముదురు కాడ రెండు కణుపులు మట్టిలోకి పోయేలా గుచ్చు. కొత్తిమీరని చలికాలానికి ఉంచు, అప్పుడైనా ధనియాలు బద్దలయ్యేలా నలిపి చల్లాలి.

నువ్వు వేసింది నెలలోగా నీ కంచంలోకి రావాలి. అదొక్కటీ జరిగితే తర్వాత ఎవరూ నీకు చెప్పక్కర్లేదు. మొట్టమొదటే టమాటా పెట్టి, రెండుమూడు నెలలు ఎదురుచూసి, తీరా ఆకుముడత వచ్చేసరికి మనసు విరిగి తొట్లు మూలకి నెట్టేసినవాళ్ళని చాలామందిని చూశాను. ఎంత ఆశపడ్డారో పాపం. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

తొట్లకి పెట్టే డబ్బు తగ్గించి మట్టికి పెట్టు. బాగా కడిగిన పాత పెయింటు బకెట్లకి అడుగున నాలుగు కన్నాలు పెడితే అవే తొట్లు. ఎర్రమట్టి ఒక పాలు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు, గుప్పెడు వేపపిండి. ఎరువు చివికిందో లేదో ముక్కుకే తెలుస్తుంది, పేడ వాసన వస్తే ఇంకా పచ్చిదన్నమాట, వేళ్ళు మాడిపోతాయి. ఆకుకూరలకి ఎనిమిదంగుళాల లోతు సరిపోతుంది, వంగకీ మిరపకీ అడుగు, తీగజాతికి అడుగున్నర. బరువు సంగతి మరిచిపోకు. ఘనపుటడుగు మట్టి తడిస్తే 40, 50 కిలోలు తూగుతుంది. స్లాబు నడిమధ్యన కాకుండా గోడల వెంబడి, దూలాల మీదుగా వరుసగా పెట్టుకో. కింద ఇటుకలు వేస్తే స్లాబు చెమ్మగిలదు.

ప్రేమకొద్దీ నీళ్ళు ఎక్కువ పోసి చంపేస్తుంటారు కొత్తవాళ్ళు. వేలు రెండు కణుపులు దించి చూడు, తడి తగిలితే పొయ్యకు. మధ్యాహ్నం ఆకులు వాలాయని చెంబు పట్టుకుని పరిగెత్తకు, ఎండ తగ్గాక అవే లేస్తాయి. పొద్దున్న కూడా వాలే ఉండి, మట్టి పొడిగా ఉంటే అప్పుడు నీళ్ళు కావాలి.

రోజూ కాఫీ గ్లాసు పట్టుకుని పైకి వెళ్ళి ఆకులు తిరగేసి చూడడం మాత్రం మానొద్దు. పేనుబంకైనా పిండినల్లైనా మొదట్లో ఏ ఒకటి రెండు ఆకుల మీదో ఉంటుంది, వేలితో తుడిచేస్తే సరి. బాగా పాకితే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట కొట్టు. ఎర్రగా నున్నగా మెరిసే అక్షింతల పురుగు కనిపిస్తే దాని జోలికి వెళ్ళకు, పేనుబంకని అదే తినేస్తుంది. వంగాకుని జల్లెడలా గోకేసేది కూడా చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ దానికి ఆ మెరుపుండదు, వీపు నిండా 28 దాకా చుక్కలుంటాయి. దాన్ని మాత్రం ఏరి పారెయ్యి.

ఆకుకూరలు రెండు కోతలయ్యాక బెండ పెట్టుకో, 45 రోజులకి కాయ మొదలవుతుంది. ఆ తర్వాత సొర, బీర. వాటికి ముందు మగపూలే వచ్చి రాలిపోతాయి, దిగులుపడకు. పువ్వు కింద వేలెడు పిందె ఉంటే అది ఆడపువ్వు. తేనెటీగలు మేడ మీదికి రావట్లేదనిపిస్తే మగపువ్వు కోసి ఆడపువ్వుకి తాకించు. సొర, బీర పొద్దువాలాక పూస్తాయి, గుమ్మడి తెల్లవారుజామున. నువ్వు ఆఫీసు నుంచి వచ్చేవేళకి బీరపూలు విచ్చుకుని ఉంటాయి, నీకు తీరిక కూడా అప్పుడే.

చిక్కుడు ఒక్కటి మాత్రం ఆషాఢంలోనే పెట్టాలి. వానాకాలమంతా తీగే సాగుతుంది, పూత జాడ ఉండదు. పీకెయ్యకు, పగళ్ళు పొట్టివయ్యాక పూస్తుంది. మన పెరటి చిక్కుడు గింజలు బూడిద కలిపి దాచి ఉంచాను. మీ బాబాయి హైదరాబాదు వచ్చేటప్పుడు పంపిస్తాను. తొట్టికి మూడు గింజలు పెట్టి, మొలిచాక బలంగా ఉన్నదాన్ని ఉంచి మిగతావి తీసెయ్యి. పందిరి వేయించక్కర్లేదు, బట్టలు ఆరేసుకునే తీగకి పురికొస కట్టి పాకించు.